తలాపున ఎర్రపూల పొద

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎలిజబెత్ చాలా ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతోంది. ఆమె బోర్డు మీద వేసే బొమ్మలను పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి దించుకునేవాళ్లు. మందార పువ్వు నిలువుకోత, చిక్కుడు గింజ మొలక, వేరు చివరి కణాలు, అన్నీ రంగు సుద్దలతో, అచ్చు గుద్దినట్టు ఉండేవి. బడి బయట మొక్కలను మాత్రం ఆమె పట్టించుకున్నది తక్కువ. తమ్ముడికి కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేది. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము వస్తుందని మూసే ఉంచేది. ఒక్క పూలకుండీ కూడా పెట్టుకోలేదు.

ఆమె తండ్రి యేసుదానం బాయిలో టింబర్‌మ్యాన్. బాయి అంటే అక్కడివాళ్ల మాటలో బొగ్గుగని. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఆ పనిలో ప్రాణం పోలేదు గాని, పచ్చకామెర్లొచ్చి ఒక ఎండాకాలం ఇంట్లోనే పోయాడు. అప్పటికి ఎలిజబెత్ నాలుగో తరగతి. ఒళ్లంతా తట్టు పోసి జ్వరంతో ఉందని ఆమెను పొరుగింట్లో పడుకోబెట్టి, శవాన్ని ట్రాక్టర్‌లో కమాన్‌పూర్ అవతల ఉన్న సొంతూరు ఎర్రకుంటపల్లెకు తీసుకుపోయి పాతిపెట్టారు. సొంతూళ్లోనే పెట్టమని ఆయన అడిగాడట. తమ్ముడు యేసుకుమార్ చంకలో పిల్లవాడు. అంటే ఆ గోరీ ఎక్కడుందో చూసిన మనిషి ఆ ఇంట్లో తల్లి సుగుణమ్మ ఒక్కతే.

ఆమె కూడా మళ్లీ చూడలేదు. దినాలు గడవకముందే భూమి వాటా దగ్గర బావగారితో మాటా మాటా పెరిగింది. "మీ ఊరి మన్ను మళ్ల తొక్క" అని పిల్లలను తీసుకుని వచ్చేసింది. భర్త ఉద్యోగం ఆమెకిచ్చారు. బెల్టు మీద వచ్చే బొగ్గులోంచి రాళ్లు ఏరే పని. రిటైరయ్యేదాకా ఆ బెల్టు పక్కనే నిలబడింది. ఎర్రకుంటపల్లె బస్సు రోజూ వాళ్ల గేటు ముందు నుంచే పోయేది.

ఎలిజబెత్ పెళ్లి కొత్తగూడెంలో చేశారు. కొన్నేళ్లకు ఆమె ఒక సూట్‌కేసుతో తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, తల్లి అడగలేదు. ఆ తర్వాతి సోమవారమే బడిలో చేరింది. అడగకపోవడం, చెప్పకపోవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. యేసుకుమార్ ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, షవల్ ఆపరేటర్ అయ్యాడు. ఇల్లంత ఎత్తు యంత్రం మీద కూర్చుని గుట్టల్లాంటి మట్టిని తవ్వి డంపర్లలో పోసే పని. ఇంటికొచ్చి స్నానం చేసి, టీవీ పెట్టుకుని పడుకునేవాడు.

ఓపెన్‌కాస్టు పెరుగుతూ పెరుగుతూ ఎర్రకుంటపల్లె దాకా వచ్చింది. ఊరివాళ్లకు కొత్త కాలనీ కట్టి పంపారు. చివరికి మిగిలింది చర్చి వెనక ఉన్న సమాధుల తోట. తమవాళ్ల ఎముకలను కొత్త చోటికి మార్చుకోదలచినవాళ్లు ఫిబ్రవరి ఆఖరులోగా గోరీలు గుర్తుపట్టి చెప్పాలని అధికారులు చాటింపు వేయించారు.

ఆ కబురు తీసుకుని శాంతిరాజ్ వచ్చాడు. ఎలిజబెత్ పెద్దనాన్న కొడుకతను. పెద్దనాన్న పోయి చాలాకాలమైంది. ఇన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చోకుండా సుగుణమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"సిన్నమ్మా, ఎన్కటి లొల్లులు మనసుల పెట్టుకోకు. మా నాయిన పోయిండు, భూమి గూడ పోయింది. ఇగ దేని గురించి కొట్లాడుకుంటం?" అన్నాడు. "సిన్నాయిన గోరి నేనే గుర్తువట్టిన. గేటు పక్కపొంటి మొదటి వరుసల ఉన్నది. సున్నం పోసి పెట్టిన. మీరొచ్చి దండం పెట్టుకుంటె మిగిలిన పని నేను చూసుకుంట."

సుగుణమ్మ లేచి కూర్చుంది. "గేటు పక్కనా? గది కాదు బిడ్డా."

"మా నాయిన గట్లనే చెప్తుండె."

"మీ నాయిన ఏం చెప్పిండో నాకెర్కలేదు. గేటుకు దూరంగ, చవుడు మిట్ట మీద పెట్టిండ్రు. తలాపున ఎర్రపూల గుబురుండె. దానికి ఆకుల్లేవు, వట్టి పుల్లలే. చెట్టు నిండ పూలు. ఆ పొద్దే భూమి మాట ఎత్తిన మీ నాయిన మొకం చూడబుద్ధిగాక ఆ పూలనే చూసుకుంట కూసున్న."

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన యేసుకుమార్ టవల్ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్న ఇంత కష్టపడి గుర్తువట్టిండు గద అమ్మా. అదే తీద్దాం. ఇన్నేండ్లకు ఏముంటది? మట్టి మట్టే గద."

"మీ నాయిన బాయిల చావలే రా," అంది సుగుణమ్మ. గొంతు పెంచలేదు. "ఇంట్ల పోయిండు, నా చేతుల పోయిండు. సచ్చినంక తీస్కపొయి బాయిల పారేస్తనా?"

యేసుకుమార్ స్నానానికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఎలిజబెత్ పని మొదలైంది. ఆకుల్లేకుండా ఎర్రగా పూసేదంటే మోదుగే అనుకుంది. సెల్‌ఫోన్‌లో బొమ్మ తీసి తల్లికి చూపింది.

"మోదుగ నాకెర్కలేదా? ఆ ఆకులల్ల అన్నం తిని పెరిగిన. గిది మాను కాదే, గుబురు. నా నడుమంతెత్తు ఉండె."

బొంతజెముడు చూపింది. అది బొద్దుగా ఉంటుంది, కాదంది. కొండల్లో ఎర్రగా పూసే పొదలు ఇంకో రెండు వెతికి చూపింది. వాటికి ఆకులున్నాయి, కాదంది. నాలుగో బొమ్మ దగ్గర విసుక్కుంది. "పిల్లలకు చెట్ల సదువు చెప్తవు గదనే, గా ఒక్క చెట్టు దొర్కుతలేదా?"

దెప్పాలని అన్న మాట కాదు. అయినా ఎలిజబెత్‌కు గుచ్చుకుంది. పుస్తకంలో ప్రతి మొక్కా బొమ్మ కింద పేరుతోనే ఉంటుంది. పేరు తెలియని మొక్కను ఎక్కడి నుంచి వెతకాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

డిసెంబరులో శాంతిరాజ్‌తో ఎర్రకుంటపల్లెకు పోయింది. ఇళ్లకు కప్పులు లేవు, తలుపులు లేవు. గోడల మీద నంబర్లు మిగిలాయి. ఊరి చివర మట్టిగుట్ట మబ్బులా అడ్డం నిలబడి ఉంది. దాని వెనక డంపర్లు వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే హారన్ ఆగకుండా వినిపిస్తోంది. సమాధుల తోట నిండా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. శాంతిరాజ్ గొడ్డలితో దారి చేస్తుంటే ఆమె వెనకే నడిచింది. ఎర్రపువ్వు ఒక్కటీ లేదు. చవుడు మిట్ట మీద చీపురుకట్టలు తిరగేసి పాతినట్టున్న ఎండు పొద ఒకటి ఆమె జాకెట్టు చేతిని పట్టుకుంది. లాగితే చిరిగింది. విడిపించుకుని ముందుకు పోయింది.

"చూసినవా చెల్లె? ఏం లేదిక్కడ," అన్నాడు శాంతిరాజ్. "సిన్నమ్మకు ఏదో యాదికుంటది, ఏదో మరిచిపోతది. పెద్ద పానం."

అతను చెప్పింది నిజమే కావచ్చని ఎలిజబెత్‌కూ అనిపించింది.

ఆ వారం మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్ల వాట్సాప్ గుంపు ఒకదాంట్లో చేరి, తల్లి చెప్పిన గుర్తులన్నీ రాసి అడిగింది. చాలామంది మోదుగ అన్నారు. ఒకాయన గులాబీల బొమ్మ పెట్టి శుభోదయం చెప్పాడు. మంథనిలో వృక్షశాస్త్రం చెప్పే వేణుమాధవ్ అనే లెక్చరర్ మాత్రం ఫోన్ చేశాడు.

"మేడమ్, పువ్వు సంగతి తర్వాత. ముళ్లున్నయా? ఉంటే ఒంటిగనా, జంటలుగనా? కాండం ఏ రంగు?"

ఆమెకు తెలియదు. ఫోన్ పట్టుకునే తల్లిని అడిగింది.

"ముండ్లున్నయి," అంది సుగుణమ్మ వెంటనే. "రెండు రెండు. లేవబోతుంటె నా చీరకొంగు పట్టుకున్నది. పీక్కుంటె పీక్కుంటె రాలే. ఆఖర్కి మీ పెద్దనాయిన వచ్చి ఇడిపించిండు."

ఎలిజబెత్ ఫోన్ చెవికి పెట్టుకునే లోపలికి వెళ్లి, కుట్టుకుందామని పక్కన పెట్టిన జాకెట్టును తీసి చూసింది. చేతి మీద చిరుగులు రెండు, పక్కపక్కనే ఉన్నాయి.

మళ్లీ ఆదివారం చర్చి అయ్యాక ఒక్కతే ఆటో మాట్లాడుకుని పోయింది. ఆ ఎండు పొద చవుడు మిట్ట మీద అట్లాగే ఉంది. ఈసారి దాని ముందు కూర్చుంది. దూరం నుంచి బూడిదరంగులో కనిపించిన పుల్లలు దగ్గరికెళితే ఆకుపచ్చగా ఉన్నాయి. గోటితో గీరితే తడిగా, ఇంకా పచ్చగా. ఆకులు లేవు. కణుపు కణుపుకూ రెండేసి ముళ్లు, చిన్నవి, నారింజరంగువి. అది ఎండిపోలేదు, ఆకుల్లేకుండానే బతుకుతోంది. ఆకు చేయాల్సిన పనిని కాండం చేయడం గురించి ఆమె ప్రతి సంవత్సరం ఎడారి మొక్కల పాఠంలో చెబుతుంది. బ్రహ్మజెముడు బొమ్మ వేసి చూపుతుంది. తన చేతితో ముట్టుకోవడం అదే మొదలు. ఫోటోలు తీసి వేణుమాధవ్‌కు పంపింది.

"కరీరం అనుకుంటున్నా," అన్నాడతను ఫోన్లో. గొంతులో హుషారు దాచుకోలేకపోయాడు. "ఆదొండ ఉంది చూడండి, దాని చుట్టం. రాజస్థాన్‌లో కేర్ అంటరు, కాయలు పచ్చడి పెట్టుకుంటరు."

"రాజస్థాన్ మొక్క ఇక్కడికెట్ల వచ్చింది సార్? ఎవరన్న తెచ్చి పెట్టిండ్రా?"

"ఎవరు పెట్టలేదు మేడమ్. అక్కడ ఎడారిల ఎక్కువ గనుక వాళ్లదంటం గాని, మన ఎండునేలల్ల కూడ అక్కడక్కడ పుట్టి పెరిగేదే. మీ తర్ఫు నేనెప్పుడు చూడలే. అందుకే పువ్వు చూడకుండ కచ్చితంగ చెప్పలేను. మార్చి దాక ఆగాలె."

గడువేమో ఫిబ్రవరి ఆఖరు. ఎలిజబెత్ బడికి సెలవు పెట్టి భూసేకరణ ఆఫీసుకు పోయింది. అక్కడి అధికారి దీప అనే చిన్నవయసు ఆమె. నోటీసు పట్టుకుని వచ్చిన అందరిలాగే ఈమె కూడా పరిహారం గురించి అడుగుతుందనుకుంది. ఎలిజబెత్ గడువు పెంచమంది.

"ఎన్ని రోజులు కావాలి?"

"పువ్వు పూసేదాక."

దీప రాస్తున్న పెన్ను ఆపింది. ఎలిజబెత్ అంతా వివరంగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. దీప వింది. తల్లి ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగింది. చివరికి, తోటలో చవుడు మిట్ట ఉన్న ముక్కను అన్నిటికన్నా ఆఖరున చదును చేసేలా చూస్తానని, మార్చి ఆఖరు దాటితే తన చేతుల్లో ఉండదని చెప్పింది.

దాంతో యేసుకుమార్‌కు చిక్కొచ్చిపడింది. వాళ్ల షవల్ తవ్వాల్సిన వైపే అది. పనిని ఇంకో పక్కకు మార్చారు. షిఫ్టులో తోటివాళ్లు, "ఏందన్నా, మీ అక్క పువ్వు కోసరం ఓపెన్‌కాస్టును ఆపిందట గద!" అని నవ్వారు. ఇంటికొచ్చి అక్క మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు చెట్టుకు పేరు వెట్టుకుంట కూసుంటె నేను మొకం ఏడ వెట్టుకోవాలె? గేటు కాడి గోరి తీసుకుంటె ఎప్పుడో అయిపోవు. నాయినను నేను చూడనే లేదు. ఏ ఎముకలైతే ఏంది నాకు?"

"నేను చూసిన," అంది ఎలిజబెత్. "చూసిన గాని మొకం యాదికి లేదు. గందుకే వేరేవాళ్లను తెచ్చి ఈయనే మా నాయిన అనలేను."

తండ్రి గురించి అక్క అంత పొడుగు మాట మాట్లాడడం యేసుకుమార్ అంతకుముందు వినలేదు. తర్వాత షిఫ్టులో ఎవరైనా నవ్వితే అతనూ నవ్వేసేవాడు గాని ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

మార్చి వచ్చింది. మోదుగలు పూసి రాలాయి. ఎలిజబెత్ ప్రతి ఆదివారం పోయి పొదను చూసొచ్చేది. చిటికెన వేలి గోరంత కూడా లేని ఆకులు లేత కొమ్మల మీద కనిపించి, మళ్లీ వారానికి రాలిపోయాయి. మొగ్గ లేదు. పరీక్షల డ్యూటీ పడి ఒక ఆదివారం పోలేకపోయింది. ఆ మరునాడే మధ్యాహ్నం శాంతిరాజ్ ఫోన్ చేశాడు.

"చెల్లె, పూసింది. సిన్నమ్మ చెప్పినట్టే ఉన్నది. ఎర్రగ, నిప్పులు వోసినట్టు. కాని…"

"ఏంది కాని?"

"ఒక్కటి కాదే. మూడు పూసినయి. తలొక దిక్కుకున్నయి. రెండు తుమ్మల సాటుకుండె, ఇన్నొద్దులు కనవడలే."

మర్నాడు పొద్దున అందరూ పోయారు. యేసుకుమార్ రెండో షిఫ్టు, అతనే తల్లిని బండి మీద ఎక్కించుకొచ్చాడు. మంథని నుంచి వేణుమాధవ్ వచ్చాడు. ఎండు చీపుర్లలా ఉన్న పొదలు గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. పుల్ల పుల్లకూ ఇటుకరంగు పూల గుత్తులు. పువ్వులోంచి కేసరాలు పొడుగ్గా బయటికి సాగి ఉన్నాయి. తేనెపిట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతూ ఒక్కొక్క పువ్వులో ముక్కు పెట్టి పోతోంది.

వేణుమాధవ్ ఒక పువ్వు కోసి అరచేతిలో పెట్టుకుని భూతద్దంతో చూశాడు. రేకులు లెక్కపెట్టాడు, పైరేకును గోటితో విప్పాడు, లోపలి కాడను చూశాడు. తర్వాత దాన్ని ఎలిజబెత్ చేతిలో పెట్టాడు.

"కరీరమే మేడమ్. కప్పారిస్ డెసిడువా. అనుమానం లేదు."

మొక్క పేరు తేలింది. గోరీ మాత్రం తేలలేదు. సుగుణమ్మ చేతికర్ర పట్టుకుని ఒక పొద దగ్గరికి నడిచింది, అక్కడి నుంచి ఇంకోదాని దగ్గరికి, అక్కడి నుంచి మూడోదాని దగ్గరికి. మూడో పొద దగ్గర నిలబడి చుట్టూ చూసింది. ఆమె ముఖంలో నమ్మకం తగ్గిపోతూ ఉంది.

"ఒక్కటే ఉండె," అంది. "ఒక్కటే. వేరే ఏడ లేకుండె. ఇవి ఎక్కడియి?"

"అమ్మా, ఇవి మూడు ఒకటే కావచ్చు," అన్నాడు వేణుమాధవ్. "ఈ జాతికి వేర్ల నుంచి పిలకలు లేస్తయి. ఒక్క తల్లి ఉంటే ఎన్నో ఏండ్లకు చుట్టూ పిల్లలు లేస్తయి. ఇవి అన్నీ లేత కాండాలే, మీరు చెప్పినంత పాతవి కావు. తల్లి వేరే ఉండాలె."

"ఏడ ఉంటది మరి?"

"వీటి నడుమ."

మూడు పొదల మధ్య సర్కారు తుమ్మ గుబురు ఒకటి దట్టంగా ఉంది. ఇన్ని ఆదివారాలు ఎలిజబెత్ దాని పక్క నుంచే పోయింది. యేసుకుమార్ ఎవరూ చెప్పకముందే శాంతిరాజ్ చేతిలో గొడ్డలి తీసుకున్నాడు. ఇద్దరూ మార్చి మార్చి నరికారు. గుబురు లోపల, చెదలు పట్టిన బూడిదరంగు మొద్దు బయటపడింది. తొడంత లావుంది. ఎప్పుడో ఎండిపోయింది. వేణుమాధవ్ దాని మొదట్లో మట్టి తోడి, అక్కడి నుంచి పొద వైపు పోతున్న వేరును చూపించాడు.

సుగుణమ్మ ఆ మొద్దు పక్కన కూర్చుంది. కూర్చున్నాక తల ఎత్తి ఎదురుగా చూసింది. ఊళ్లో మిగిలిన చర్చి గోడ, దాని పక్కన గుట్టలు. కాసేపటికి తల ఊపింది.

"ఇక్కడ్నే కూసున్న నేను. చర్చి గంట గిట్ల కనవడుతుండె. గీడికెల్లి తూర్పుకు కాళ్లు."

దీప ఆఫీసు నుంచి ఒక మనిషి, పాస్టరు, తవ్వేందుకు కొత్త కాలనీ నుంచి ఇద్దరు వచ్చేసరికి ఎండ ముదిరింది. పాస్టరు ప్రార్థన చేశాడు. పైన చవుడు గట్టిగా ఉంది, కింద మెత్తబడింది. ఛాతీ లోతు పోయాక గడ్డపార పక్కన పెట్టి చేతులతో తీశారు. పెట్టె చెక్కలు మట్టిలో కలిసిపోయాయి. ఎముకలున్నాయి. వాటి మధ్య నుంచి కరీరం వేళ్లు సన్నగా, దారాల్లా అల్లుకుని కిందికి పోయాయి.

ఎలిజబెత్ అంచున నిలబడి చూసింది. ఒక్కొక్కటి పైకి వస్తుంటే ఆమెకు తెలియకుండానే మనసులో పేర్లు వస్తున్నాయి. భుజాస్థి. రత్ని. పర్శుకలు. పదో తరగతికి ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. కుడి తొడ ఎముక పైకి తీశారు. దానికి ఒక లోహపు పట్టీ, మరలతో బిగించి ఉంది. తవ్వేవాడు మట్టి తుడిచి ఎత్తి పట్టుకున్నాడు.

సుగుణమ్మ చేయి చాచింది. పట్టీ మీద బొటనవేలితో రాసింది.

"బాయిల బండ పడ్డనాడు దవాఖానల ఏసిండ్రు. ముసురు పట్టిందంటె గీడ సలుపుతుందనేటోడు. నూనె రాస్తుంటి." అంతే అంది. తర్వాత ఎముకను యేసుకుమార్ చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఎలిజబెత్‌కు ఆ తర్వాత ఎముకల పేర్లు గుర్తు రాలేదు. పక్కకు పోయి కూర్చుంది.

అన్నీ తెల్లబట్టలో కట్టి చిన్న పెట్టెలో పెట్టాక, శాంతిరాజ్ గేటు వైపు చూస్తూ అన్నాడు: "మరి నేను సున్నం వోసింది ఎవరి గోరి?"

ఎవరికీ తెలియదు. ఊళ్లో ఆ వయసువాళ్లెవరూ మిగల్లేదు. ఎవరూ అడగని గోరీని తీయనవసరం లేదని ఆఫీసు మనిషి చెప్పాడు.

"ఎవరిదైతేంది?" అంది సుగుణమ్మ. "మా ఆయన పేరు మీద ఇన్ని దినాలు సున్నం పూయించుకున్నడు. ఆయననేమో తీస్కపోవుడు, ఈయన్ను ఇడిసిపెట్టుడా? గది గూడ తియ్యిరి."

ఆఫీసు మనిషి దీపకు ఫోన్ చేశాడు. ఆమె సరేనంది. ఆ సాయంత్రం కొత్త కాలనీ సమాధుల తోటలో పక్కపక్కన రెండు గుంతలు పూడ్చారు. ఒకదాని మీద యేసుదానం పేరు రాయించారు. రెండోదాని మీద పేరు లేదు, సిలువ గుర్తు మాత్రం చెక్కించారు. రెండు రాళ్లూ ఒకే సైజువి.

కొత్త చోట నాటమని వేణుమాధవ్ రెండు కరీరం పిలకలు తవ్వి ఇచ్చాడు. రెండూ బతకలేదు. వేరు తెగితే ఈ మొక్క మళ్లీ పట్టుకోవడం కష్టమని అతను ముందే చెప్పాడు. ఎలిజబెత్ అందుకు పెద్దగా బాధపడలేదు. తోట చదును చేసేలోపు పూలు రాలిన కొమ్మ ఒకటి కోసి బడికి తీసుకుపోయి, తొమ్మిదో తరగతి పిల్లల చేతికిచ్చింది. ఇది బతికుందా, చచ్చిందా, ఎట్లా తెలుసుకుంటారని అడిగింది. ముళ్లు గుచ్చుకుని పిల్లలు గోల చేశారు. సిలబస్‌లో లేనిదాని మీద ఒక పీరియడ్ ఎందుకు పోయిందని హెడ్‌మాస్టరు అడిగితే, "నాకు ఈ సంవత్సరమే తెలిసింది సార్," అంది. ఆ తర్వాత ఆమె పాఠం చెప్పే తీరు కొద్దిగా మారిందని తోటి టీచర్లు అంటారు. బొమ్మ ముందు వేయకుండా, మొక్కను ముందు చేతికిస్తుందట. శాంతిరాజ్ ఇంట్లో ఒక పెళ్లికి సుగుణమ్మ పోయి రెండు రోజులుండి వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక రోజు యేసుకుమార్ మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానానికి పోకుండా వరండాలోనే కూర్చున్నాడు. ఎలిజబెత్ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. సుగుణమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అక్కా, ఇయ్యాల ఆ మిట్ట కాడ మెట్టు లెక్క బెంచి తవ్వినం. నా షవలే."

ఇద్దరూ అతని వైపు చూశారు.

"మీద చెట్టు లేదు, ఏం లేదు, ఎప్పుడో సాపు చేసిండ్రు. కాని కోసిన గోడల వేర్లు కనవడ్డయి. గోరీల కాడ ఆగలే అవి. ఇంకా కిందికి, కిందికి, మా బకెట్టు దిగేంత లోతుకు పోయినయి. తాడు లెక్క ఏలాడుతున్నయి. కేబిన్‌లకెల్లి చూసుకుంట కూసున్న. ఎన్కనుంచి డంపరోడు హారన్ కొడుతుండు."

"మరేం చేసినవు?" అంది సుగుణమ్మ.

"ఏం చేస్త? డ్యూటీ గద. తెంపిన."

సుగుణమ్మ చేతిలో ఉన్న కాయ తుంచి గిన్నెలో వేసింది. "పో, తానం చెయ్యి," అంది. "నువ్వొచ్చేసరికి కూర అయితది."

యేసుకుమార్ బూట్లు విప్పి మెట్ల మీద దులిపాడు. ఎర్రమన్ను రాలింది. వాన జల్లు లోపలికి కొడుతోందని ఎలిజబెత్ పేపర్లు తీసి ఒళ్లో పెట్టుకుని, మిగిలినవి దిద్దడం మొదలుపెట్టింది.